నీడన దాచిన ఆకులు

జుబేర్ మూట కట్టేసుకున్నాడు. ఎడారి అంచున ఉన్న ఆ సూఫీ ఆశ్రమంలో అతను కొన్నేళ్లుగా సాలిహ్ బాబాకు శిష్యుడు. చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు, చెప్పి పోవడానికి నోరు రాలేదు. చివరికి మూట చంకన పెట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"మా అన్న హారూన్ వస్తున్నాడట బాబా. బావి దగ్గర దిగిన ఒంటెలవాళ్లు చెప్పారు. మధ్యాహ్నానికి ఇక్కడుంటాడు."

"మంచిదేగా, రానీ."

"ఇవాళ కాళ్లు కడిగే వంతు నాది."

అక్కడి నియమం అది. వచ్చినవాడు పాదుషా అయినా ఫకీరైనా, ఆనాటి వంతు శిష్యుడు పీట వేసి కూర్చోబెట్టి కాళ్లు కడగాలి. మనిషిని చూసి వంతు మార్చుకోవడానికి వీల్లేదు.

"అమ్మ పోతే నాకు కబురు పెట్టలేదు వాడు. పక్క ఊళ్లోనే ఉన్నాను. కన్నతల్లి గోరీ మీద పిడికెడు మట్టి వేసే భాగ్యం లేకుండా చేశాడు. తర్వాత వాడు మనుషుల్ని పంపితే, మాట వినకుండానే తిప్పి పంపేశాను. ఇక్కడికొచ్చి ఇంత ధ్యానం చేశానా, కోపం పిసరంత కూడా తగ్గలేదు. చెంబు చేతికొస్తే వాడి నెత్తిన పగలగొడతానేమోనని భయంగా ఉంది. వెళ్లిపోతాను బాబా."

బాబా అంతా విని, "ఉల్లిమడికి ఎరువు చేస్తానన్నావు, ఏమైంది?" అన్నాడు.

జుబేర్‌కు ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

అతనిది ఏటి ఒడ్డు ఊరు. అక్కడ రాలిన ఆకు వానకు నాని నల్లటి ఎరువైపోతుంది. ఇక్కడా అలాగే చేద్దామని నిరుడు రేగుచెట్ల కింద ఆకులు ఊడ్చి, గాలికి పోకుండా, ఎండకు మాడకుండా మట్టిగోడల కొట్టులో పోశాడు. తడపడానికి నీళ్లెక్కడివి? అయినా రోజూ వెళ్లి, చేత్తో కలబెట్టి చూసి వచ్చేవాడు.

"ఎరువా! వాన లేని చోట ఏదీ కుళ్లదు బాబా."

"పద, చూద్దాం."

కొట్టు తలుపు తీసి, బాబా ఒక ఆకు అతని చేతిలో పెట్టాడు.

"నలిపి చూడు."

జుబేర్ నలిపాడు. ఆకు తోలులా వంగిందే తప్ప నలగలేదు.

బాబా అక్కణ్ణుంచి రేగుచెట్టు దగ్గరికి నడిచాడు. నిరుడు చీపురుకు అందక ముళ్ల సందున మిగిలిన ఆకులు ఎండలో పడున్నాయి. రంగు కాస్త వెలిసింది గానీ, చూడ్డానికి అన్నీ నిండుగానే ఉన్నాయి. ఒకటి తియ్యమని బాబా సైగ చేశాడు.

జుబేర్ వేళ్లు ఆనాయో లేదో, అది పొడి అయిపోయింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. పక్కనున్న పుల్ల కదిపి చూస్తే, ఇసుకకు ఆనిన సగం అప్పటికే చెదలు తినేశాయి.

"వీటి మీద వాన పడలేదుగా బాబా!"

"లేదు. ఎండ పడింది, తెల్లారి మంచు పడింది. వీటినెవరూ కాపాడలేదు."

జుబేర్ కొట్టు వైపు చూశాడు. "మరి అవి?"

"వాటిని నువ్వు కాపాడావు. రోజూ."

జుబేర్ తల వంచుకున్నాడు. బాబా అతని చంకలోంచి మూట లాక్కుని, "వాకిట్లో ఎండ బాగుంది. మీ అన్నకు పీట అక్కడే వెయ్యి" అని లోపలికి వెళ్లిపోయాడు.

హారూన్ వచ్చాడు. గడ్డం బాగా నెరిసింది. పీట మీద కూర్చున్నాక చెంబు పట్టుకున్నదెవరో చూసి, కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దురా తమ్ముడూ."

"వంతు నాది." జుబేర్ ఆ కాళ్లను మళ్లీ ముందుకు లాగాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని మాట అప్పుడడిగాడు. "ఎందుకు కబురు పెట్టలేదు?"

"పెట్టడానికి మనిషేడిరా? ఊరంతా విషజ్వరం. గొయ్యి నేనొక్కణ్ణే తవ్వాను. వస్తే నువ్వూ పోతావని, చిన్నోడికి చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది." హారూన్ తన చేతులకేసి చూసుకున్నాడు. "వేయించుకోకపోయినా చెప్పేవాణ్ణి కాదేమో. నాకూ భయమేసింది."

జుబేర్ చెంబు వంచాడు. ఇన్నాళ్లుగా కూర్చుకున్న తిట్ల కోసం వెతికాడు. ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. గుండె మీంచి తిరగలి రాయి దించినట్టయింది. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే ఎందుకో నవ్వూ వచ్చింది. అన్న మడమల పగుళ్లలో ఇసుకను వేళ్లతో తీస్తూ అడిగాడు.

"ఒక్కడివే తవ్వావా అన్నా?"

"ఒక్కణ్ణేరా."

జుబేర్ చెంబు తర్వాత చెంబు పోస్తూనే ఉన్నాడు. వాకిలంతా తడిసింది.

లోపల్నుంచి బాబా కేకేశాడు. "ఒరే జుబేర్! ఆ కాళ్లు ఎప్పుడో శుభ్రమయ్యాయి. కాసిన్ని తాగడానికి ఉంచు, మీ అన్న ఎడారి దాటి వచ్చాడు."