మంట ఎరుగని పొయ్యిరాళ్ళమ్మ

పొగలమిట్టకు వచ్చే భక్తులు మొట్టమొదట అడిగే మాట ఒక్కటే, అమ్మవారి ముందు దీపం ఏదీ అని. ఈ గుడిలో దీపం లేదు. కర్పూర హారతి లేదు, అగరువత్తి కూడా వెలిగించరాదు. గర్భగుడిలో విగ్రహానికి బదులు పసుపు పూసిన మూడు పొయ్యిరాళ్ళు ఉంటాయి. వాటి నడుమ ఖాళీ. పగటి వెలుతురు ఉన్నంతసేపే దర్శనం. తెలియక అగ్గిపుల్ల గీసిన వారిని పూజారి కసురుకుంటాడు, ఆయనను తప్పుపట్టవద్దు. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే చుట్టుపక్కల వంట మేస్త్రీలు, కేటరింగువారు ఇక్కడికి వచ్చి మొక్కుకొని గానీ పని ఒప్పుకోరు.

పూర్వం ఈ మిట్ట కింది ఊరిలో ఓబులమ్మ అనే వంటగత్తె ఉండేది. పెళ్ళయినా దినమైనా జాతరైనా పొయ్యి మీద గుండిగ పెట్టాలంటే ఆమే రావాలి. ఎన్ని గింజలు పోయాలో ఆమె ఎవరినీ అడిగేది కాదు. ముందునాటి సాయంత్రం ఈ మిట్ట ఎక్కి, ఇళ్ళ మీద లేచే పొగలను చూసేది. సన్నగా పొగ లేచిన ఇంటికి ఇంత, దట్టంగా లేచిన ఇంటికి ఇంత అని మనసులోనే కొలుచుకొని దిగేది. ఆఖరి పంక్తి లేచేసరికి గుండిగ అడుగు కనబడేది. మెతుకు మిగిలేది కాదు, ఎవరికీ తక్కువ పడేది కాదు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. కాస్త గర్వం కూడా ఉండేది, లేకుండా ఎలా ఉంటుంది?

ఆమెకు ఒక్కతే కూతురు, మారెక్క. వంక అవతలి కొట్టాలలోని పిల్లవాణ్ణే చేసుకుంటానని పట్టుబట్టింది.

"ఆ రాళ్ళచేన్లల్లో ఏం తింటావే? పస్తులుంటావు" అంది తల్లి.

"పస్తులున్ననాడు నీ గడప తొక్కన్లేమ్మా" అని వెళ్ళిపోయింది కూతురు. మాట మాటగానే ఉండిపోయింది. ఇద్దరిదీ ఒకే పంతం మరి.

తరువాత కరువు వచ్చింది. ఏడాదితో పోలేదు, మరుసటి ఏడూ పోలేదు. ఊరిపెద్ద చిన్నపరెడ్డి, వాన కోసం అందరికీ అన్నం పెడతానని అమ్మవారికి మొక్కుకొని, పాతరలోని కొర్రలు తీయించాడు.

"ఓబులమ్మా, విత్తనం గింజలు పక్కనబెడితే మిగిలినవి ఇవే. ఒగ ముద్ద పారెయ్యగూడదు, ఒగరు ఆకలితో పోగూడదు. లెక్క నీది" అన్నాడు.

ఆ సాయంత్రం ఓబులమ్మ మిట్ట ఎక్కింది. ఊరి మీద పొగలు పలచగా లేచాయి. వంక అవతల కొట్టాల మీద మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. వలస పోయినట్టున్నారు అనుకుంది. కరువులో ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆమె మనసు చివుక్కుమంది. కన్నతల్లికి ఒక్క మాటైనా చెప్పకుండా పోయిందే అని కూతురి మీద కోపం వచ్చింది. వంక ఎండి ఉంది, కొట్టాలు కేక వేస్తే వినబడే దూరం. వెళ్ళి చూడవచ్చు. వెళ్ళలేదు.

మరునాడు వంట ఎప్పటిలాగే కుదిరింది. ఆఖరి పంక్తి లేచింది, గుండిగ అడుగు కనబడింది. అప్పుడు వంక గట్టు మీదుగా కొట్టాల జనం వచ్చారు. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. పొయ్యిలో పెట్టడానికి కట్టెలున్నాయి, పొయ్యి మీద పెట్టడానికే ఏమీ లేదు. నడవలేక నడుస్తూ వచ్చేసరికి ఆలస్యమైంది. చిన్నపరెడ్డి చేతులు జోడించి తల దించుకున్నాడు.

అందరికంటే వెనుక మారెక్క వచ్చింది. మొగుడు కూలికని దేశం పోయి తిరిగి రాలేదు. తల్లిని చూసి నవ్వబోయింది.

"తిన్యావా?" అని అడిగింది ఓబులమ్మ.

"తిన్యాలేమ్మా. గుండిగలు కడుగుదామని వచ్చినా" అంది మారెక్క.

ఆమె కూర్చొని గుండిగ కడిగింది. అడుగంటిన మాడు గోకింది. తల్లి అటు తిరిగిందనుకొని ఆ కడుగునీళ్ళు దోసిట పట్టి తాగింది. ఓబులమ్మ చూసింది. కూతురిని ఇంటికి నడిపించుకుపోయి, కుండ అడుగున ఉన్న గుప్పెడు గింజలకు ఎసరు పెట్టింది. ఎసరు కాగకముందే మారెక్క తల్లి ఒడిలో వాలిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఓబులమ్మ కొట్టాలకు వెళ్ళి కూతురి పొయ్యి చూసింది. బూడిద లేదు, సాలెగూడు ఉంది. ఆ మూడు రాళ్ళూ నెత్తిన పెట్టుకొని మిట్ట మీదికి తెచ్చి, వాటి ముందు అన్నం నీళ్ళు మాని పడి ఉంది. తెల్లవారుజామున అమ్మవారు కలలో కనబడి, "నీవు పొగను లెక్కించావు, పొయ్యిని లెక్కించలేదు. నేను ఈ చల్లని రాళ్ళలో ఉంటాను. నా ముందు నిప్పు పెట్టవద్దు. నన్ను తాకి చూసినవారి వంట తక్కువ పడదు" అని పలికింది. ఆ ఏడు వాన కురిసిందని కొందరంటారు, లేదని కొందరంటారు. ఓబులమ్మ మాత్రం మళ్ళీ గరిటె పట్టలేదు.

నేడు గ్యాసు పొయ్యిల వల్ల ఏ ఇంటి మీదా పొగ లేదు. అయినా ఈ ప్రాంతంలో శుభకార్యానికి ముందు వంటవారు పొయ్యిరాళ్ళను తాకి, ఊరిలో గడప గడపకూ వెళ్ళి, "తిన్నారా?" అని అడుగుతారు. తిన్నాం అనే అంటారు అందరూ. ఆ మాట ఇక్కడ ఎవరూ నమ్మరు. లోపలికి వెళ్ళి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తారు. చల్లగా తగిలితే ఇంకేమీ అడగరు. మరునాడు నైవేద్యం కంటే ముందు, మొదటి గంప ఆ ఇంటికి చేరుతుంది. అలా చేసినవారి పంక్తిలో అన్నం తక్కువ పడలేదని ఇక్కడివారి నమ్మకం. గంప దించి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. లోపలివారు తింటూ ఉంటారు.