బొమ్మకు పట్టిన మందు

సీతారావమ్మగారు ఎవరేం అడిగినా ఆ రోజే జవాబు చెప్పేవారు కాదు. పలాస దాటాక జీడితోటల నడుమ ఉన్న ఒక ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా ఆమె బాలవాడి నడుపుతున్నారు. జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి పోతారు. చిన్నపిల్లల దగ్గర పని నేర్చుకోవడానికి ఏటా ఒకరిద్దరు అమ్మాయిలు ఆమె దగ్గరకు వస్తుంటారు. ఆ ఏడు వచ్చినది ఉదయశ్రీ.

ఉదయశ్రీకి మొదటిరోజు నుంచే ఆ బాలవాడి మీద అనుమానం. పలకలన్నీ గూట్లో బోర్లించి ఉన్నాయి. పిల్లలు మాత్రం ఒకచోట తొట్టెలో నీళ్ళు గ్లాసుల్లోకి, గ్లాసుల్లోవి మళ్ళీ తొట్టెలోకి పోస్తున్నారు. ఇంకోచోట చింతపిక్కల్ని పెద్దవీ చిన్నవీ వేరుచేసి కుప్పలు పెడుతున్నారు. ఒకడైతే తడిమట్టితో పొద్దుటినుంచీ పామునే చేస్తున్నాడు. పెద్దావిడ మధ్యలో చాప మీద కూర్చుని అందర్నీ మురిపెంగా చూస్తుంటారు. వయసు మీదపడి, పాఠం చెప్పే ఓపిక లేక, దీనికి ఆటల చదువని పేరు పెట్టుకున్నారేమోనని ఉదయశ్రీకి తోచింది. మూడువారాలు ఓర్చుకుని, ఒక సాయంత్రం అడిగేసింది.

“అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. వీళ్ళు హాయిగా ఆడుకుంటున్నారు, సరే. ఇందులో చదువెక్కడుంది?”

ఆమె నవ్వి ఊరుకున్నారు. మర్నాడు ఒక ముక్కాలిపీట తెచ్చి బొమ్మరిల్లు మూల వేశారు. “మూడురోజులు ఇక్కడ కూర్చో. ఎవరికీ ఏమీ నేర్పకు, ఎవర్నీ ఆపకు. చూసింది చూసినట్టు పుస్తకంలో రాయి,” అన్నారు. ఇది తన నోరు మూయించే ఉపాయమని ఉదయశ్రీకి అనిపించింది. అయినా కూర్చుంది. ఇక్కడ జరిగేదంతా ఉత్త కాలక్షేపమని కాగితం మీద పెట్టి చూపించాలని కూర్చుంది.

బొమ్మరిల్లంటే పాతచీర అడ్డం కట్టిన చోటు. లోపల మట్టిపొయ్యి, రెండు కొబ్బరిచిప్పలు, ఒక గుడ్డబొమ్మ. యామిని అనే నాలుగేళ్ళ పిల్ల ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ రోజు అది బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని, సీసామూత దాని నోటికి ఆనించింది. మొహం మీద గుడ్డ కప్పి, రెండుసార్లు జోకొట్టి, చింతపిక్కల దగ్గరకు పనికి వెళ్ళిపోయింది. పక్కనున్న పిల్లాడు, “నీ బాబు ఏడుస్తన్నాడే,” అన్నాడు. యామిని తల కూడా తిప్పలేదు. “ఏడవడు. మందు పట్టీసినాను.”

ఉదయశ్రీ ఆ మాట రాసుకుంది. రాశాక మళ్ళీ చదువుకుంది. పిల్లలు చూడనిది ఆడరు కదా అనిపించింది. రెండోరోజు పీట కాస్త ముందుకు జరుపుకుని కూర్చుంది. యామిని బొమ్మకి ఒక మూత పట్టింది, ఆగింది, మళ్ళీ ఇంకో మూత పట్టింది. బొమ్మతోనే చెప్పింది: “నిన్న బేగి లెగిసిపోనావు. ఇయ్యాల రెండు.”

ఉదయశ్రీ ఆ మాటా పుస్తకంలోకి ఎక్కించింది. యామినికి ఎనిమిది నెలల తమ్ముడున్నాడని అందరికీ తెలుసు. తల్లి నూకరత్నం పొద్దున ఎనిమిదింటికి కార్ఖానాలోకి పోతే సాయంత్రం దాకా రాదు. అప్పటినుంచీ నూకరత్నం గురించి గుర్తొచ్చినదల్లా నేరంలాగే కనబడింది. ఆ మనిషి ఎప్పుడూ తొందరలో ఉంటుంది, నిలబడి మాట్లాడదు, కళ్ళలోకి చూడదు. ఎందుకు చూస్తుంది? సాయంత్రం గేటు దగ్గర, పదిమంది తల్లులు వింటుండగానే ఉదయశ్రీ అడిగేసింది: “మీ బాబుకి ఏం మందు పడుతున్నారు?”

నూకరత్నం మొదట అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక మొహం కందిపోయింది. “ఏటి టీచరమ్మా, కన్నకొడుక్కి మందెట్టి పడుకోబెట్టి నాను పనికెల్తన్నాననా? పిల్ల ఆటలో ఏదో అంటే అదట్టుకుని నన్నడిగీస్తావా?” అని, యామిని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. దొరికిపోయింది కాబట్టే అంత కోపమని ఉదయశ్రీ అనుకుంది.

మూడోరోజు యామిని రాలేదు. ఉదయశ్రీ పొద్దుటినుంచీ గేటువైపే చూస్తూ గడిపింది. పదకొండు గంటలకి గానీ పుస్తకం పెద్దావిడ చేతిలో పెట్టే ధైర్యం రాలేదు. గేటు దగ్గర జరిగిన గొడవ కూడా చెప్పింది. సీతారావమ్మగారు రాసింది ఒకసారి చదివి, వెంటనే మళ్ళీ చదివారు. రెండు మూతల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. “ఈ మాట యామిని అందా?” అని మాత్రం అడిగి, పిల్లల్ని ఆయాకు అప్పగించి, గుడ్డబొమ్మను సంచిలో వేసుకుని బయల్దేరారు. ఎన్నడూ లేనిది, ఉదయశ్రీ ఆమె వెనక పరుగెత్తవలసి వచ్చింది.

రైలుపట్టాల అవతల రేకులిల్లు. వాకిట్లో యామిని నాయనమ్మ అప్పలనరసమ్మ చేటముందు కూర్చుని జీడిపప్పు పొట్టు వలుస్తోంది. వీళ్ళని చూడగానే చేట దగ్గరకు లాక్కుంది. “పిల్లకి ఒంట్లో బాగోలేదు. రాదు,” అంది అడక్కుండానే. లోపల చీర ఉయ్యాలలో పిల్లాడు పడుకుని ఉన్నాడు. యామిని బొమ్మని చూసి గంతేసింది. దాన్ని ఒళ్ళో వేసుకుని అటూఇటూ చూసింది. మూత కనబడలేదు కాబోలు, పీటెక్కి కిటికీగూట్లోంచి ఒక సీసా తీసుకొచ్చింది. చలికాలంలో యామిని దగ్గుకి రాసిచ్చిన మందు అది. సీసాలో అడుగున కొంచెమే మిగిలింది.

పిల్ల ఇంట్లోనే ఉందని ఆ రోజు మాత్రం భోజనానికి వచ్చిన నూకరత్నం అదే సమయానికి గుమ్మంలో నిలబడి ఉంది. కూతురు బొమ్మకి మందు పట్టడం ఆమె చూసింది. చేటలో అత్తగారి వేళ్ళు ఆగిపోవడమూ చూసింది.

“ఎన్నాళ్ళబట్టి అత్తా?”

అప్పలనరసమ్మ తలెత్తలేదు. “ఆడు పొద్దంతా ఏడుస్తంటే సేతులాడవమ్మా. పొద్దున నువ్వు నీళ్ళకెల్లినప్పుడు పడతన్నాను. దగ్గుమందే గదా, నిద్దరోతాడని…”

ఆ మాట పూర్తయ్యేలోపే సీతారావమ్మగారు ఉయ్యాలలోంచి పిల్లాణ్ణి ఎత్తుకున్నారు. తల పక్కకి వాలిపోయింది. బుగ్గ తట్టినా, నీళ్ళు చిలకరించినా కళ్ళు తెరవలేదు. నూకరత్నం చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదకు పరుగెత్తి ఆటోకి అడ్డం నిలబడింది. ఆసుపత్రిలో డాక్టరు సీసా తిప్పి చూసి, “ఇంకొక మూత పడి ఉంటే,” అని ఆగిపోయాడు. సాయంత్రం నాలుగు దాటాక పిల్లాడు ముక్కు ముడిచి, కాళ్ళు తన్నుకుని, గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వినకూడదనే ఇన్నాళ్ళూ మందు పట్టిన అప్పలనరసమ్మ, అది చెవిన పడగానే వరండాలో కూలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఉదయశ్రీ నూకరత్నం వైపు చూడలేక, గోడమీది టీకాల పట్టికను ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదువుతూ నిలబడింది.

అయిదోరోజు నూకరత్నం ఇద్దరు పిల్లల్నీ తీసుకుని బాలవాడికి వచ్చింది. “నువ్వడిగింది నిజిమే చిన్న టీచరమ్మా,” అంది. “అందరి ముందల అడిగినావు సూడు, అది మాత్రం మర్సిపోలేను.” ఉదయశ్రీ తల వంచుకుంది. క్షమించమని మెల్లగా అంది. నూకరత్నం లోపలికి తొంగి చూసింది. “ఓ గంట సెలవెట్టినాను. మా పిల్ల ఏటాడుతాదో కూకుని సూడొచ్చా?”

ఉదయశ్రీ పీట ఆమెకిచ్చి, తను నేలమీద కూర్చుంది. యామిని ఆ రోజు అట్లు పోసింది.

పిల్లలు వెళ్ళిపోయాక గురువూ శిష్యురాలూ తొట్టె పక్కన గ్లాసులు బోర్లిస్తున్నారు. ఉదయశ్రీ మనసులో ఇంకొక అనుమానం మిగిలే ఉంది. “అమ్మగారూ, మీకు ముందే తెలిసి ఉంటుంది. నన్ను ఏరికోరి ఆ మూలే ఎందుకు కూర్చోబెట్టారు?”

సీతారావమ్మగారు గ్లాసులోని నీళ్ళు వంపి, దాన్ని మిగతావాటి పక్కన బోర్లించారు.

“అక్కడ గాలి వస్తుందని వేశానమ్మా పీట. ఆ పిల్ల బొమ్మకి మందు పట్టడం నెలరోజులుగా నేనూ చూస్తూనే ఉన్నాను. ఎంత ముద్దుగా ఆడుతోందో అనుకున్నాను.”