తేలిన కణాలు

సుభానీ మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఏదో ఒక పని చెబుతారు. ఆ సంగతి తెలిసీ, ఆయన ల్యాబులో పనిచేసే నీలవేణి అడిగింది. భయం అంతటిది మరి. వ్యోమనౌకలో వెళ్ళడానికి ఆమెను ఎంపిక చేశారు. వెళ్తుందో లేదో సాయంత్రంలోగా చెప్పాలి. నేల విడిచి సాము వద్దని ఇంట్లో ఒకటే పోరు.

"సార్, అక్కడ బరువుండదు కదా. నా రక్తనాళాలు ఏమవుతాయి? వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తిరిగొస్తానా?"

మాస్టారు ల్యాబు మూలనున్న యంత్రం వైపు చూశారు. అన్ని వైపులకూ మెల్లగా తిరుగుతూ, బరువు లేని చోటలాగే లోపలి కణాలకు కింద ఏదో పైన ఏదో తెలియకుండా చేస్తుందది. పిండి రాలని ఆ యంత్రాన్ని అక్కడ అందరూ తిరగలి అంటారు. కొన్నాళ్ళుగా అందులో తిరుగుతున్నవి నీలవేణి రక్తం నుంచి పెంచిన కణాలే, నాళాల లోపలి గోడకు పరుచుకునే రకం.

"అందులోని సీసా తీసి ద్రవం మార్చమ్మా," అన్నారాయన.

ఆమె సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. మామూలుగా ఆ కణాలు సీసా అడుగును కరుచుకుని బతుకుతాయి. ఇప్పుడు అడుగున అక్కడక్కడా మాత్రమే మిగిలాయి. తక్కినవి ఊడిపోయి నలుసుల్లా తేలుతున్నాయి. ఊడినవి చచ్చినట్టే, పారబోయాలని ఈ విద్యలో మొట్టమొదట నేర్పుతారు. తన ఒళ్ళే అలా ఊడిపోతున్నట్టనిపించింది ఆమెకు. వెళ్ళనని చెప్పేద్దామనుకుంటూ, ఆ నలుసులను చూడలేక, సీసాను గబగబా వ్యర్థాల డబ్బా మీద వంచబోయింది.

మాస్టారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "చచ్చాయని ఎవరు చెప్పారు?"

"తేలుతున్నాయి కదా సార్!"

ఆయన ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నీలవేణి కన్ను ఆనించి చూసింది. చాలా కణాలు ముడుచుకుని, చితికి, నిజంగానే చచ్చి ఉన్నాయి. వాటి మధ్య కొన్ని మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రంగా చుట్టుకున్నాయి. లోపల బోలుగా, సన్నని గొట్టంలా ఉన్నాయి. ఎవరూ నేర్పకుండానే అవి నాళం కట్టుకుంటున్నాయి. మాస్టారు ఆపకపోతే ఆమె వాటినీ పారబోసి ఉండేది. ఆ తలపుకు ఇందాకటికన్నా ఎక్కువ భయం వేసింది.

"సార్," అంది, "పైకి వెళ్తే నేను ఏ జట్టులో ఉంటాను? చచ్చినవాటిలోనా, ఈ కట్టుకున్నవాటిలోనా?"

మాస్టారు సీసాను మళ్ళీ తిరగలిలో బిగించారు.

"తెలియదమ్మా. వెళతారా అని వాటిని ఎవరూ అడగలేదు. నిన్ను అడిగారు."