అచ్చియమ్మ తోమిన గాజుతొట్టి

అప్పుడెప్పుడో ఒక ఊళ్ళోనట, అచ్చియమ్మ అని ఒకావిడ ఉండేది. ఊ అనండర్రా, మీరు ఊ అనకపోతే నా కథ నడవదు. ఆ అచ్చియమ్మకి శుభ్రం పిచ్చి. గిన్నె తోమేది, తోమింది కడిగేది, కడిగింది తుడిచేది, తుడిచింది మళ్ళీ తోమేది. మీ అమ్మలాగే అనుకోండి. నేనన్నానని చెప్పకండేం.

చిన్నప్పుడు ఆవిడ రాజుగారి కోటలో పెరిగింది. వాళ్ళమ్మ అక్కడ వంట చేసేది. రాజుగారి కూతురూ ఈ పిల్లా ఒకే ఈడు. కోటలో పెద్ద గాజుతొట్టి, దాన్నిండా ఎర్రచేపలు. ఇద్దరూ చేతిగాజులు తొట్టికి ఆనించి గలగలలాడిస్తే, మరమరాల పొడి వేస్తారని చేపలన్నీ పరుగెత్తుకొచ్చేవిట. తరవాత రాజకుమారికి పెళ్ళై ఎటో వెళ్ళిపోయింది, మళ్ళీ కబురే లేదు. ఆ రోజులు తలుచుకుంటే అచ్చియమ్మకి ముసలితనంలో కూడా గుండె బరువెక్కేది.

ఒకనాడు కోటలో పాత సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసి, కోడలు తాయారుని వెంటబెట్టుకుని వెళ్ళింది. చూస్తే అదే తొట్టి! పాచి పట్టి, లోపలేముందో కనపడటంలేదు. చెయ్యి పెట్టి వెతికితే అడుగున ఒకే ఒక్క ముసలి ఎర్రచేప. చేపకి అంత ఆయుష్షేమిటి అమ్మమ్మా అని అడక్కండి, కథలో చేప అది. అచ్చియమ్మ ఏడ్చేసింది. తన చిన్నతనం ఎరిగినది లోకంలో అదొక్కటే మిగిలిందిట.

సరే, కొని ఇంటికి తెచ్చారు. కోడలు ఆ పచ్చనీళ్ళు కాసిని బిందెలోకి వంచి, చేపనీ, గుప్పెడు జిగురుపట్టిన గులకరాళ్ళనీ అందులో వేసింది. అత్తగారు ఊరుకుంటుందా? కుంకుడుకాయలు చితక్కొట్టి, నానేసి, పీచుతో తొట్టంతా రుద్దింది. మిగిలిన రాళ్ళూ రుద్దింది. నూతినీళ్ళు పోసి చేపని వదిలింది. వింటున్నారా? వదలగానే అది నోరు తెరిచి పక్కకి ఒరిగిపోయింది! కుంకుడు మన తలకి మంచిదే, చేపకి మాత్రం విషం. నా చేతులతో నేనే చంపుకున్నానే అని అచ్చియమ్మ లబలబలాడింది.

తాయారు చటుక్కున చేపని తీసి మళ్ళీ బిందెలో, దాని పాతనీళ్ళలో వేసింది. కాసేపటికి మొప్పలు కదిలాయి. అప్పుడందిట, అత్తయ్యా, గిన్నె తోమినా పాత పెరుగు కాస్త దాచి పాలకి తోడుపెడతాం కదా, నీళ్ళకీ అంతేనేమో అని. తొట్టిని నురగ పోయేదాకా కడిగారు, ఎండబెట్టారు, కొత్తనీళ్ళు పోశారు, బిందెలో జిగురురాళ్ళు సగం తీసి అందులో వేశారు. ఇక ఎదురుచూడటమే. అచ్చియమ్మకి చేతులు ఊరుకోవే! రాళ్ళు తోమనా అంటే వద్దత్తయ్యా, గాజు తుడవనా అంటే వద్దత్తయ్యా, నీళ్ళు మార్చనా అంటే వద్దత్తయ్యా. నీళ్ళు ముందు తెల్లగా మసకబారాయి, మెల్లిగా తేటపడ్డాయి. అప్పుడు చేపని వదిలారు.

అది మూలకి పోయి నక్కింది, కదలదు మెదలదు. అచ్చియమ్మ బిక్కుబిక్కుమంటూ గాజులు తొట్టికి ఆనించి గలగలలాడించింది. ఏమైందనుకున్నారు? చేప తోకాడించుకుంటూ తిన్నగా ఆ గాజుల దగ్గరికొచ్చి నోరు తెరిచింది. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ, మరమరాలు తేవే తాయారూ అని కేకేసింది. తరవాత తొట్టి వెనకవైపు గాజుకి మళ్ళీ పట్టిన పాచిని ఇంకెప్పుడూ ముట్టుకోలేదుట.

అందుకేనర్రా, ఎంత కడిగినా పాతది కాస్త ఉంచుకోవాలి. రేపు మీ అమ్మ పెరుగుగిన్నె అడుగంటా తోమేస్తానంటే ఈ కథ చెప్పండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.