చక్రధర్ పేర్లు పెట్టిన నవ్వులు

సలోమిని పంపించెయ్యమని చక్రధర్ మాస్టారిని అడిగాడు.

"ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది మాస్టారూ. ఇక్కడ తనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

దస్తగిరి మాస్టారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. "ఏం నవ్వు?" అని అడిగారు.

"వెక్కిరింపు."

"ఆహా," అని మాస్టారు ఇంకో కాయ అందుకున్నారు.

ఈ మాస్టారు పెద్ద విద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పి మా ఊరొచ్చారు. పొగాకు ఆరబెట్టే పాడుబడ్డ బ్యారన్ ఒకటి బాగు చేయించుకుని అందులో కంప్యూటర్లు పెట్టారు. మనుషుల ముఖాలు చూసి యంత్రం ఏం నేర్చుకోగలదన్నది ఆయన పరిశోధన. ముఖాలు చూస్తాడంటే జాతకాలు చెప్పే మనిషనుకుంది ఊరు. కాదని ఆయన చెప్పి చూశారు. ఇప్పటికీ మా మునసబుగారి అల్లుడు కనబడినప్పుడల్లా చెయ్యి చాపుతాడు.

యంత్రానికి చూపించే ముఖాలు మావే. ఒక్కొక్కరినీ అడిగి, ఒప్పుకున్నాకే ఫొటో తీశారు. అడగనివాళ్ళు అలిగారు. మామూలుగా ఉన్నట్టే రమ్మంటే నాగరత్తమ్మ పట్టుచీర కట్టి, మెడ దాకా పౌడరు రాసుకుని వచ్చింది. "నేను రోజూ ఇలాగే ఉంటా" అంది. పక్కన నిలబడ్డ ఆమె మొగుడు అప్పుడు నవ్విన నవ్వుకి కూడా ఒక ఫొటో ఉంది.

బ్యారన్లో ఒక నియమం ఉంది. ప్రతి ఫొటోనీ ఇద్దరు విడివిడిగా చూడాలి. ఆ ముఖంలో ఉన్నది సంతోషమో, సిగ్గో, విసుగో, వెక్కిరింపో, ఒకరు రాసింది ఒకరికి తెలియకుండా రాయాలి. ఇద్దరి మాటా కలిస్తేనే ఆ ముఖం యంత్రానికి పాఠమవుతుంది. కలవకపోతే కూర్చుని మాట్లాడుకోవాలి.

సలోమి రాకముందు ఆ ఇద్దరూ మాస్టారూ, ఆయన శిష్యుడు చక్రధరూ. ఒకే చాప మీద కూర్చుని, ఒకే గ్లాసులో టీ సగం సగం పోసుకుని ముఖాలు చూసేవాళ్ళు. చీరాల నుంచి సలోమి చదువుకోవడానికి వచ్చాక మాస్టారు తన చోటు ఆ అమ్మాయికిచ్చి, తను వంటలోకి మళ్ళారు. ఆయన వంట తిన్నవాళ్ళెవరూ దీన్ని త్యాగం అనరు.

దాన్నయినా చక్రధర్ ఓర్చుకునేవాడేమో. కమ్మల దగ్గర ఓర్చుకోలేకపోయాడు.

వీళ్ళిద్దరూ కంప్యూటర్లలో చెరొకటి తయారుచేసుకున్న యంత్రాలు లోకంలో లేని మనుషుల ముఖాలు కూడా తయారుచేస్తాయి. చక్రధర్ యంత్రం చక్కటి ఆడవాళ్ళ ముఖాలు వేసేది గాని, ఒక చెవికి జూకా పెడితే రెండో చెవికి దిద్దు పెట్టేది. ఆ జత కుదర్చడానికి అతను ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. సలోమి వచ్చిన కొన్నాళ్ళకే ఆమె యంత్రం రెండు చెవులకీ ఒకే రకం కమ్మలు పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "కమ్మలు కుదిరాయమ్మా," అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విన్నది లేదు. ఆ పూట చక్రధర్ అన్నం తినలేదు. గుండెల్లో మంట అన్నాడు. అబద్ధం కాదు.

ఊరు కూడా ఊరుకోలేదు. సలోమి యంత్రం వేసిన ఒక కుర్రవాడి ముఖం చూసి నాగరత్తమ్మ మురిసిపోయింది.

"ఈ అబ్బాయిది ఏ ఊరమ్మా? మా చెల్లెలి కూతురికి అడుగుదాం."

"ఇతనసలు లేడు పిన్నీ. మిషను పుట్టించింది."

"లేకపోతే పోనీలే. వాళ్ళన్నయ్య ఉన్నాడా?"

సలోమి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి నవ్వే అంత. పని కుదిరితే నవ్వుతుంది, చెడితే ఇంకా గట్టిగా నవ్వుతుంది. ఒకరోజు, "చక్రధరన్నా, ఇలా రా! నా మిషను మనిషికి మూడు చెవులు పెట్టింది!" అని పిలిచింది. ఆమె నవ్వింది ఆ మూడో చెవిని చూసి. చక్రధర్ మాత్రం అది తన జూకా సంగతే అనుకున్నాడు.

ఆనాటి నుంచి ముఖాలకి వాళ్ళిద్దరి మాటా కలవడం మానేసింది. ఆమె సంతోషం అన్నచోట అతను వెక్కిరింపు అన్నాడు. కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకని, తను ఒక్కడూ పేర్లు పెట్టిన ఫొటోలతో విడిగా ఇంకో యంత్రాన్ని తయారుచేసుకున్నాడు. అది తన మాటే చెప్పేసరికి అతనికి మనసు కుదుటపడింది.

ఇప్పుడు దాన్నే సాక్ష్యానికి పిలిచాడు.

"నా మాట నమ్మొద్దు మాస్టారూ. యంత్రాన్ని అడగండి. దానికి నా మీద ప్రేమా లేదు, సలోమి మీద కోపమూ లేదు."

"మంచి మాట," అన్నారు మాస్టారు. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచారు. "యంత్రం కూడా వెక్కిరింపే అంటే ఆ పిల్లని రేపు బస్సెక్కిద్దాం."

చక్రధర్ సలోమి ఫొటో పెట్టాడు. యంత్రం తడుముకోలేదు. తెర మీద రాసింది: వెక్కిరింపు.

"చూశారా?"

"చూశాను. ఆడపిల్ల చదువు సంగతి. ఇంకో రెండు పెట్టి చూద్దాం."

నాగరత్తమ్మ మొగుడు. వెక్కిరింపు.

"అది నిజమే," అన్నారు మాస్టారు. చక్రధర్ కూడా తలూపాడు.

తర్వాత మంగలి కోటేశు మనవరాలు. నాయనమ్మ కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకుంటోంది. ఇంకా పళ్ళు రాలేదు. వెక్కిరింపు.

"వెలుతురు సరిగా లేదు," అన్నాడు చక్రధర్.

తర్వాత మాస్టారి ముఖం. కిందటేడు తొలి వానకి వాకిట్లో తడుస్తూ నిలబడ్డప్పటిది. వెక్కిరింపు.

"నేను ఎవర్ని వెక్కిరించానురా? మబ్బునా?"

చక్రధర్ మెడ వెనక చెమట తుడుచుకున్నాడు.

మాస్టారు తన ఫోను తీసి చాలాసేపు వెతికారు. ఒక ఫొటో దొరికింది. బ్యారన్లో ఇంకా సున్నం వెయ్యని గోడ, దాని ముందు బక్కపలచటి కుర్రవాడు. ఇప్పటి గడ్డం లేదు, ఇప్పటి కళ్ళజోడు లేదు. అతని యంత్రం మొట్టమొదటిసారి ఒక మనిషిని పోల్చుకున్న రోజు అది. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ కుర్రవాడు చక్రధరే.

"అది వద్దు మాస్టారూ."

"పెట్టు."

చక్రధర్ పెట్టాడు. యంత్రం వెంటనే రాసింది. అంతకు ముందు దేనికీ అంత గట్టిగా చెప్పలేదు. వెక్కిరింపు.

మాస్టారు గుమ్మం వైపు తిరిగి, "అమ్మా సలోమీ, ఒకసారి ఇలా రా," అని పిలిచారు.

ఆమె తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. వచ్చేలోపల మాస్టారు యంత్రం రాసిన మాట మీద అరచెయ్యి ఆనించారు. ముఖం ఒక్కటే కనబడుతోంది.

"ఇందులో ఏముందో చెప్పు."

సలోమి వంగి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది.

"అబ్బ, ఎంత సంతోషంగా ఉన్నాడు మాస్టారూ! ఏదో పెద్ద పనే సాధించి ఉంటాడు. చూస్తుంటే నాకూ గంతులెయ్యాలని ఉంది. ఎవరితను?"

చక్రధర్ ఆమె ముఖం వంక చూశాడు. ఆమె చూస్తున్నది తెరనే, అతన్ని కాదు.

మాస్టారు చెయ్యి తియ్యలేదు.

"ఇక్కడే ఉండేవాడమ్మా," అన్నారు. "మళ్ళీ వస్తాడేమోనని చూస్తున్నాను."