బరిణె మూతలో భూతద్దం

పూర్వం ఓ రాజుగారి దివానుకి వింత వక్కల బరిణె ఉండేదర్రా. దాని మూతలో భూతద్దం బిగించి ఉండేది!

ఆస్థానం నేతపని తన బావమరిదికి ఇప్పించాలని దివాను ఆశ. నేతగత్తె నరసాలు రాకుమారి పెళ్లిచీర తేగానే దాని మీద ఆ మూత పట్టాడు. "చూడండి ప్రభూ! పోగుల మధ్య మిరియాలు రాలిపోయేంత సందులు! ఈమె చేత నేత మాన్పించండి!"

అద్దంలోంచి చూసిన రాజు నివ్వెరపోయాడు. నరసాలు చేతులు జోడించి, "అద్దం తియ్యకుండా ఒక్క మిరియం రాల్చండి, దివాను బాబూ" అంది.

మిరియం తెప్పించారు. అద్దం కిందికి రాగానే, అమ్మో, అదీ ఉసిరికాయంత అయింది! ఎంత నొక్కినా దూరలేదు.

"అయినా సందు సందేగా!" అని గొణిగాడు దివాను.

"మరి రాకుమారికి గాలాడొద్దా బాబూ?" అంది నరసాలు.

రాజు పగలబడి నవ్వాడు. "నరసాలూ, పెళ్లికొడుకు పంచె కూడా నువ్వే నెయ్యి!"