పాలు పొంగని ఇల్లు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నాకు మిగిలిన మూడు పళ్ళ మీద ఒట్టు. అబద్ధమైతే ఆ మూడూ ఇప్పుడే రాలిపోవాలి. ఒకటి కదులుతున్న మాట వాస్తవమే గానీ, అది నిన్న తిన్న జంతిక చేసిన పని. దానికీ ఈ కథకీ సంబంధం లేదు.

ఒక గేటు మనిషి ఉండేవాడు. రోడ్డూ రైలుపట్టాలూ కలిసే చోట, రైలొచ్చే ముందు గేటు దించడం, పోయాక ఎత్తడం ఆయన పని. నలభై ఏళ్ళు అదే చేశాడు. ఒకసారి ఎంత పొడుగు గూడ్సుబండి వచ్చిందంటే, గేటు దగ్గర ఆగిన పెళ్ళికొడుకుకి అది దాటేసరికి మీసం నెరిసింది. పెళ్ళికూతురు గుర్తుపట్టలేదు పాపం.

అలా లోకమంతా ఆయన ముందు నుంచే పోయింది. ఆయన మాత్రం పచ్చజెండా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆయనకో భార్య. ఆమె అందం గురించి నేను చెప్పకూడదు గానీ, మెయిళ్ళూ ఎక్స్‌ప్రెస్సులూ కూడా అక్కడ వేగం తగ్గించేవి. రైలు పోయినప్పుడల్లా వాళ్ళ రెండు గదుల క్వార్టరు గజగజలాడేది. అందుకని నలభై ఏళ్ళలో ఆమె ఏ గ్లాసునీ నిండా నింపి ఎరగదు. అదరని నేల ఒకటి, దాని మీద పసుపు రాసుకోవడానికి సొంత గడప ఒకటి. ఆమెకున్నది ఇంతే కోరిక.

ఒకనాడు కాగితం వచ్చింది. మీ పని అయిపోయింది, ఇక గేటు దానంతటదే పడుతుంది, దానంతటదే లేస్తుంది, నెలలోగా క్వార్టరు ఖాళీ చెయ్యండి అని.

"మా అక్కావాళ్ళ వీధిలో చిన్న ఇల్లు అమ్మకానికుంది, కొనుక్కుందామండీ," అంది భార్య. "అక్కడికి రైలుకూత కూడా వినపడదు."

"అంటే అక్కడికి పోయి మళ్ళీ కూర్చోవాలా?" అన్నాడు ఆయన. "నలభై ఏళ్ళు ఊరందర్నీ సాగనంపాను. నన్నెవరు సాగనంపుతారే?"

అని జేబులోంచి పేపర్లో కత్తిరించుకున్న ఒక బొమ్మ తీశాడు. అది చక్రాల మీద ఇల్లు. లారీ వెనక తగిలించుకుని ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోవచ్చు. దాచుకున్నదంతా పోగేస్తే ఈ రెంటిలో ఒకటే వస్తుంది. ఒకటి కొంటే రెండోది ఇంక ఈ జన్మకి లేదు.

భార్య ఆ బొమ్మ చూసింది, మొగుడి మొహం చూసింది. "చూడ్డానికేం, చూసొద్దాం," అంది.

వెళ్ళారు. ఇద్దరూ మెడలు పైకెత్తి, దించడం మర్చిపోయారు. అంత ఇల్లు ఆకాశం కింద ఎలా పట్టిందో నాకిప్పటికీ తెలియదు. ముందు గది మీద వాన కురుస్తుంటే, వెనక గది మీద బట్టలారుతున్నాయి. అమ్మే మనిషి ఒక మీట నొక్కాడు. గోడ కదిలింది. ఇల్లు ఊపిరి పీల్చుకున్నట్టు రెండు పక్కలకీ ఉబ్బింది. గదిలోంచి ఇంకో గది, అందులోంచి ఇంకో గది బయటికొచ్చాయి. వంటింటి ముందు గేటు మనిషి భార్య చెప్పులు విడిచేసింది, గర్భగుడి ముందుకొచ్చినట్టు.

"దీన్ని అయిదో చక్రం ఇల్లంటారు, పిన్నిగారూ," అన్నాడు అమ్మే మనిషి.

ఆమె ఇంటిచుట్టూ తిరిగి లెక్కపెట్టింది. తిరగడానికి పూట పట్టింది. "నాలుగే ఉన్నాయి, అబ్బాయ్. అయిదోది ఎవరు ఎత్తుకుపోయారు?"

అతను నవ్వి, ఇంటిని లాగే లారీ దగ్గరికి తీసుకుపోయాడు. లారీ వీపు మీద ఒక గుండ్రటి ఇనప పలక, పెద్ద దోసెల పెనంలా, జిడ్డు పూసుకుని వెల్లకిలా పడుకుని ఉంది.

"ఇదే అయిదోది. ఇది దొర్లదండీ. ఇల్లు దీని మీద మెడ వాలుస్తుంది. ఆ నాలుగూ దొర్లేది ఇది పడుకుని మోస్తుంటేనే."

గేటు మనిషి దాని మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. చివరికి, "దీన్ని ఎన్నేళ్ళకి రిటైరు చేస్తారు?" అని అడిగాడు.

"ముందు సిద్ధాంతిగారికి చూపించాలి," అంది భార్య.

వాస్తు సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని వచ్చాడు. "సింహద్వారం ఏ వైపమ్మా?" అన్నాడు.

"ఏ వైపు కావాలంటే ఆ వైపండీ," అని అమ్మే మనిషి ఇంటిని ఒక్క చుట్టు తిప్పించాడు. దిక్సూచిలో సూది కూడా దాంతోపాటు తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి పడిపోయింది. సిద్ధాంతి కండువాతో మొహం తుడుచుకుని కింద కూర్చున్నాడు.

"తల్లీ, నా దగ్గరున్నవి ఎనిమిదే దిక్కులు. నీ ఇల్లు ఎనిమిదీ వాడేసింది," అన్నాడు. "ఒకటే దారి. నేల మారితే ఇల్లు మారినట్టే. కొత్తింట్లో అడుగుపెడితే ఏం చేస్తాం? పాలు పొంగిస్తాం. ఆగిన ప్రతిచోటా పొంగించుకో. పొంగితే ఆ నేల మిమ్మల్ని ఒప్పుకున్నట్టు. పొంగకుండా మాత్రం అక్కణ్ణుంచి కదలొద్దు. అరిష్టం."

అమ్మే మనిషి ఉదారుడు. "తొమ్మిది రోజులు తిప్పి చూసుకోండి, బాబాయిగారూ. పదో రోజున ఔనో కాదో చెప్పండి. ఔనంటే ఇల్లు మీది. కాదంటే ఇల్లు నాది," అన్నాడు.

గేటు మనిషికి లారీ తోలడం ఎవరూ నేర్పలేదు. నలభై ఏళ్ళు గేటు దగ్గర డ్రైవర్ల చేతులూ కాళ్ళూ చూసి చూసి, ఆయనకి అదే వచ్చేసింది. బయల్దేరారు.

మొదట మిరపకాయలు ఆరబోసిన కల్లాల మధ్య ఆగారు. కనుచూపు మేర నేల నిప్పులా ఉంది. అక్కడ పాలు తుమ్ముతూ పొంగాయి. తరవాత కొండ కొమ్మున ఆగారు. కింద మేఘాలు గొర్రెల్లా మేస్తున్నాయి. పాలు భయపడి, గిన్నె అంచు రెండు చేతులా పట్టుకుని మరీ పొంగాయి. ప్రతిచోటా ఆమె పరమాన్నం వండింది. చుట్టుపక్కల మూడు తాలూకాల వాళ్ళు వారం రోజులు పొయ్యి వెలిగించలేదు.

"ఇంకా చూద్దామా?" అనేవాడు ఆయన.

"మీకెలా ఉంటే అలా," అనేది ఆమె. గిన్నె కడిగి, ఎక్కి కూర్చునేది.

తొమ్మిదో రోజున రోడ్డు అయిపోయింది. దాని చివర సముద్రం ఉంది.

ఇద్దరూ అంతకుముందు సముద్రాన్ని చూసినవాళ్ళు కారు. చాలాసేపు ఎవరూ కిందికి దిగలేదు. అంత పెద్ద ఇల్లూ సముద్రం ముందు ఇసకలో పడేసిన అగ్గిపెట్టెలా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంత నీలాన్ని ఒక్కచోట చూడ్డం కళ్ళకి బరువైపోయింది. ఆమె కళ్ళని కాసేపు చేతుల్లో దాచుకుని, మళ్ళీ తీసింది.

"దీనికి గేటెక్కడుందే?" అన్నాడు ఆయన మెల్లిగా.

"ఉన్నట్టు లేదండీ."

"మరి ఇన్ని అలలు... ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎలా వస్తున్నాయి? ఎవరు పంపిస్తున్నారు?"

దిగి, ఇసకలో చతికిలబడ్డాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆయన చేతిలో జెండా లేదు, చెవిలో కూత లేదు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు.

ఆమె వంటింట్లో ఒక గ్లాసు తీసుకుని నీళ్ళు పోసింది. ముప్పాతిక దగ్గర ఆగింది. ఇంకా పోసింది. అంచు దాకా పోసి కిటికీలో పెట్టి, పక్కన నిలబడింది. పొద్దు వాలేదాకా చూసింది. ఒక్క చుక్క తొణకలేదు.

అప్పుడు పాలు పెట్టింది. పొంగలేదు.

మర్నాడు పెట్టింది. పొంగలేదు. పదో రోజు వచ్చింది, పోయింది. ఇరవయ్యో రోజు పోయింది. "సిద్ధాంతిగారు కదలొద్దన్నారు కదండీ," అనేది ఆమె. "అవును, అరిష్టం," అనేవాడు ఆయన. ఆనపపాదు చక్రాలెక్కి, గోడలెక్కి, పైకప్పు మీద పందిరేసింది. దాని కాయలకి జాలర్లు పడవలు కట్టుకునేవారు. ఇంటి కింద పీతలు కాపురాలు పెట్టాయి. వాటికి మూడో తరం పిల్లలు కూడా పుట్టేశారు.

నలభయ్యో రోజున అమ్మే మనిషి దిగాడు. మూడు తాలూకాల పరమాన్నం వాసన పట్టుకుని వచ్చాడు. వస్తూనే, పక్కనున్న సముద్రం కూడా కంటపడనట్టు, గోడ మీద ఆనపకాయ చూసి తల పట్టుకున్నాడు.

"పిన్నిగారూ! ఇది తిరిగే ఇల్లండీ! దీని మీద కూరగాయలు పండిస్తారా?"

"పాలు పొంగలేదబ్బాయ్," అంది ఆమె.

"ఇన్ని రోజులుగానా?"

"మొండి పాలు."

"నా ఎదుట పెట్టండి. పొంగగానే నాకు సమాధానం కావాలి. ఔనంటే తీగలు కోసి, నడిపించుకుని పొండి. నిలబెట్టి ఉంచడానికైతే నేను అమ్మను, నా సరుకు పరువు పోతుంది. కాదంటే ఇప్పుడే లాక్కుపోతాను."

అంటే ఏ సమాధానం చెప్పినా ఇక్కణ్ణుంచి కదలాల్సిందే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ మాట విన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

పాలు పొయ్యి మీదికెక్కాయి. అమ్మే మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి గిన్నె అంచున నురగ లేచింది. అతను రెప్ప వేసి తెరిచేలోగా, ఆమె చెయ్యి పొయ్యి మీట మీదికి పోయింది, మంట సన్నం చెయ్యడానికి. అదే క్షణంలో వెనక నుంచి ఇంకో చెయ్యి వచ్చింది, చన్నీళ్ళ గ్లాసుతో. ఆ చెయ్యి గేటు మనిషిది. రెండు చేతులూ గుద్దుకున్నాయి. నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

"మీరా?" అంది ఆమె. "రోజూ ఈ పాలు నీళ్ళలా ఉంటున్నాయేమిటా అనుకున్నాను! తిరగాలని ఉందన్నది మీరే కదా?"

"నీకు లోకం చూపిస్తానని తెచ్చాను కదే, నువ్వింకా చూస్తానంటావని..." ఆయన నీళ్ళు కారుతున్న చొక్కా పిండుకున్నాడు. "మంట అంత సన్నంగా ఎందుకు పెడుతుందా అని నేనూ అనుకున్నాను."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకి నాలుగు చక్రాలూ ఇసకలో మూరెడు లోతు దిగాయి. దొర్లని ఆ అయిదోది ఒక్కటే ఉన్నచోట ఉంది. పొయ్యి దగ్గర కాపలా ఎవరూ లేరు. పాలు లేచాయి. తెల్లగా, గుండ్రంగా, గిన్నె అంచు దాటి పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం నిలబడ్డాయి.

ఇంకొక్క ఊపిరైతే ఒలికేవి.

అమ్మే మనిషి ఆ పాలని చూశాడు. వాటి వెనక కిటికీ ఉంది. కిటికీ నిండా సముద్రం ఉంది. ఊళ్ళన్నీ తిరిగి అన్ని ఇళ్ళు అమ్మిన వాడు గానీ, అతను కూడా దాన్ని చూడ్డం అదే మొదలని అప్పుడు తెలిసింది. నోరు తెరిచాడు. చూపు మళ్ళించకుండానే చెయ్యి చాచి, పొయ్యి కట్టేశాడు.

పాలు నెమ్మదిగా గిన్నెలోకి దిగిపోయాయి.

"ఇవాళ కూడా పొంగలేదు, పిన్నిగారూ," అన్నాడు అతను, పీట లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంటూ. "రేపు చూద్దాం."

ఇంతకీ కొన్నారా లేదా అని నోరు తెరవబోతున్నావు, తెలుసు. అడగకు. లేచి, ఆ మూల ఉన్న చెంబు తీసుకుని, రేవు వీధిలో గేదెలావిడ దగ్గరికెళ్ళి అర లీటరు పాలు పట్టుకురా. ఇవాళ్టివి విరిగిపోయాయి. ఆయన్ని పంపితే దారిలో నీళ్ళు కలిపేస్తాడు.